పసితనంలో నెమ్ము: ఆ వారం ఏం చేయాలి, ఆ తర్వాత 20 ఏళ్లు ఏం గమనించాలి

రెండేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరేడు సార్లు రొంప పట్టడం వింతేమీ కాదు. ముక్కు కారుతుంది, రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, వారం పది రోజులు దగ్గుతారు, తగ్గిపోతుంది. గొంతు పైన ఉన్నంతసేపూ దాంతో ఊపిరితిత్తులకు పెద్ద పేచీ లేదు. ఇక్కడ మాట్లాడేది గొంతు దాటి ఛాతీలోకి దిగినవాటి గురించి: బ్రాంకియోలైటిస్ (సన్న గాలిగొట్టాల వాపు), న్యుమోనియా (గాలి గదుల్లో ఇన్ఫెక్షన్). ఇంట్లో అందరూ నెమ్ము అనేది వీటినే. ఆ వారంలో ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బిడ్డ కోలుకున్నాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. అసలు పనిలో సగం అక్కడుంది.

ఎందుకు పట్టించుకోవాలి

ఊపిరితిత్తుల్లోని గాలి గదులన్నీ పుట్టేనాటికే తయారై ఉండవు. చాలావరకు మొదటి రెండు మూడేళ్లలో ఏర్పడతాయి. ఆ తర్వాత ఊపిరితిత్తులు ఒంటితో పాటు పెరుగుతూ 20-25 ఏళ్లకు వాటి గరిష్ఠ సామర్థ్యానికి చేరతాయి. అక్కడి నుంచి ఎవరికైనా ఏటా కాస్త కాస్త తరుగుదలే. పసితనంలో గట్టి దెబ్బ తగిలితే ఆ గరిష్ఠమే తక్కువగా ఉండిపోవచ్చు. చెరువు నిండకముందే ఎండాకాలం వచ్చినట్టు. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఇదే చూపింది: సీఓపీడీ (గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకై ఆయాసం తెచ్చే జబ్బు) వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఊపిరితిత్తులు వేగంగా పాడైపోలేదు, యవ్వనంలోనే వాళ్ల సామర్థ్యం తక్కువ.

ఈ సంబంధం బయటపడింది పాత పుస్తకాల వల్ల. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి ఇళ్లకు తిరిగే నర్సులు ప్రతి పసిబిడ్డ బరువు, జబ్బులు రాసిపెట్టారు. 1991లో డేవిడ్ బార్కర్ బృందం ఆ రాతలు తీసి, ఆ పిల్లల్లో అప్పటికి అరవై ఏళ్లు అటూఇటూ ఉన్న మగవాళ్లను వెతికి పట్టుకుని, గాలి కొలిచే యంత్రంలోకి ఊదించింది. ఏడాదిలోపు బ్రాంకైటిస్ (పెద్ద గాలిగొట్టాల వాపు) గానీ న్యుమోనియా గానీ వచ్చినవాళ్లు మొదటి సెకనులో ఊదే గాలి సగటున 170 మిల్లీలీటర్లు తక్కువ వచ్చింది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మరో అధ్యయనం 1946లో బ్రిటన్‌లో పుట్టినవాళ్లను 73 ఏళ్ల దాకా గమనించింది. రెండేళ్లలోపు ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో శ్వాసకోశ జబ్బులతో ముందే చనిపోయే ప్రమాదం దాదాపు రెట్టింపు అని తేలింది. రెట్టింపు అనగానే గుండె ఝల్లుమంటుంది గానీ అసలు అంకె కూడా చూడండి: సుమారు ఒక శాతం రెండు శాతమైంది. అంటే నెమ్ము వచ్చిన పిల్లల్లో అత్యధికులకు ఏమీ కాదు.

ఇంకో మెలిక ఉంది. అరిజోనాలోని టూసాన్‌లో 1980లో మొదలైన అధ్యయనంలో పసిపిల్లలకు ఇంకా ఏ ఛాతీ ఇన్ఫెక్షనూ రాకముందే ఊపిరి పరీక్ష చేశారు. తర్వాత పిల్లికూతలతో (ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో ఈల లాంటి చప్పుడు) జబ్బుపడ్డ పిల్లల్లో ఆ పరీక్ష ఫలితం ముందునుంచే తక్కువ. కాబట్టి నెమ్ము కొందరికి దెబ్బ, కొందరికి అప్పటికే ఉన్న ఇరుకు బయటపడ్డ సంకేతం. మీ బిడ్డ విషయంలో ఏది నిజమో తేల్చడం కష్టం. కానీ మీరు చేయాల్సిన పని రెండింటికీ ఒకటే.

మొదటి పని: ఊపిరి లెక్కపెట్టడం

ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. బిడ్డ నిద్రలోనో, ఒళ్లో నెమ్మదిగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కింది భాగం కనిపించేలా పెట్టుకోండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోన్లో టైమర్ పెట్టి నిండా 60 సెకన్లు లెక్కించండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసికందులు కాసేపు గబగబా పీల్చి, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు లెక్క పనికిరాదు. జ్వరం ఎక్కువగా ఉంటే అది తగ్గాక మళ్లీ లెక్కించండి.

రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ వస్తే వేగమైన శ్వాస అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండు నెలల్లోపు బిడ్డకు 60 లేదా ఎక్కువ వస్తే ఒకసారి మళ్లీ లెక్కించండి. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికే.

అంకెతో పాటు డొక్కలు చూడండి. బిడ్డ ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ మొత్తం పైకి లేవాలి. దానికి బదులు పక్కటెముకల కింది అంచు లోపలికి గుంజుకుపోతుంటే, అదే డొక్కలు ఎగరేయడం, ఆ బిడ్డ శక్తికి మించి కష్టపడుతున్నట్టు. ముక్కుపుటాలు ఎగరడం, ప్రతి ఊపిరికీ మూలిగినట్టు చప్పుడు రావడం, ఊపిరితో పాటు తల ఊగడం కూడా అంతే. ఒక నిమిషం వీడియో తీసి ఉంచుకోండి. డాక్టరు ముందు బిడ్డ ఏడుస్తుంటే ఆ వీడియోనే మీ సాక్ష్యం.

ఇవి కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు: పాలు, నీళ్లు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా సరిగా లేవని మగత, పెదాలూ నాలుకా నీలిరంగుకు తిరగడం, 15 సెకన్లకు మించి ఊపిరి ఆగడం, నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా గొంతులో కీచుమనే చప్పుడు. మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే వేరే లక్షణమేదీ లేకున్నా అదే రోజు చూపించాలి. పెద్దల వేలికి పెట్టే ఆక్సీమీటరు పసివేలికి బిగుసుకోదు, దాని అంకెను నమ్మి ధైర్యంగా కూర్చోవద్దు. పిల్లల ప్రోబ్ ఉంటే పాదానికి పెట్టి, అంకె నిలకడగా నిలిచాకే చదవండి. 92 కన్నా తక్కువ చూపిస్తుంటే బయల్దేరండి. 90 లోపు అయితే ఆక్సిజన్ పెట్టాల్సిందే.

రెండో పని: ఆ వారం ఇంట్లో

బ్రాంకియోలైటిస్‌కు ఎక్కువసార్లు కారణం ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. రెండో పుట్టినరోజు లోపు ఇది సోకని పిల్లలు దాదాపు ఉండరు. మొదటి రెండు రోజులు మామూలు రొంపలా ఉంటుంది, మూడు నుంచి ఐదో రోజు మధ్య ముదురుతుంది. కాబట్టి రెండో రోజున డాక్టరు పర్లేదన్నారని నాలుగో రోజు ఊపిరి లెక్కించడం మానేయకండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉంటుంది, అది మామూలే.

పసిబిడ్డ గాలిగొట్టం 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. చుట్టూతా ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే దారి 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది, గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల గొట్టమున్న పెద్దవాళ్లకు అదే వాపు వస్తే అడ్డు మూడు రెట్లే. పెద్దవాళ్లకు తుమ్ముతో పోయేది బిడ్డకు ఆయాసమయ్యేది అందుకే. అందుకే ముక్కు శుభ్రం చేయడం చిన్న పని కాదు. పసిబిడ్డలు ముక్కుతోనే పీలుస్తారు, ముక్కు మూసుకుంటే పాలు కూడా తాగలేరు.

మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్ చుక్కలు తెచ్చుకోండి. పాలు పట్టడానికి పదిహేను నిమిషాల ముందు ఒక్కో ముక్కురంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగండి. రబ్బరు బల్బును బయటే నొక్కి గాలి తీసేసి, అప్పుడు కొనను ముక్కు అంచుకు ఆనించి నెమ్మదిగా వదలండి. లోపల పెట్టాక నొక్కితే చీమిడి ఇంకా వెనక్కి పోతుంది. రోజుకు నాలుగుసార్లకు మించి పీల్చొద్దు, ముక్కు పొర వాచి పని మొదటికొస్తుంది. ముక్కులో నూనె చుక్కలు వేయడం మాత్రం వద్దే వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వేరే రకం న్యుమోనియా తెస్తుంది.

పాలు ఒకేసారి నిండుగా కాకుండా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి. ఒక రోజు మొత్తంలో మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోతే, 12 గంటలు డైపర్ తడవకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరానికి పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ కనీసం నాలుగు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. మూడు నెలల్లోపు బిడ్డకు డాక్టరును అడగకుండా అదీ వేయొద్దు. సీసా మీద చుక్కల మందు, సిరప్ వేర్వేరు గాఢతలో ఉంటాయి, ఎన్ని మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములో చదివి, చెంచాతో కాక సిరంజితో కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. దగ్గు సిరప్‌లు ఈ వయసులో పనిచేయవు, మత్తు తెచ్చి ఊపిరిని మందగింపజేయగలవు. ఏడాది లోపు తేనె నాకించొద్దు, బోట్యులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం ఉంది. వేడినీళ్ల గిన్నె పెట్టి ఆవిరి పట్టడం వల్ల దగ్గు తగ్గదు, కానీ ఒళ్లు కాలి ఆసుపత్రికి వచ్చే పిల్లలు మాత్రం ఉన్నారు. కర్పూరం కలిసిన పూతలు రెండేళ్లలోపు వద్దు.

డాక్టరు నెబ్యులైజర్ గానీ యాంటీబయోటిక్ గానీ రాయలేదని నొచ్చుకోకండి. బ్రాంకియోలైటిస్‌లో దారి మూసుకునేది వాపుతో, కఫంతో. కండరం బిగుసుకోవడం వల్ల కాదు, కాబట్టి కండరాన్ని వదులు చేసే సాల్బుటమాల్‌కు అక్కడ చేసే పని పెద్దగా లేదు. వైరస్‌కు యాంటీబయోటిక్ పనిచేయదు. అయినా అడిగి మరీ రాయించుకునేవాళ్లు ఎక్కువే. న్యుమోనియా అని తేల్చి అమోక్సిసిలిన్ లాంటిది రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ పూర్తిగా వేయాలి, రెండు రోజుల తర్వాత బిడ్డను మళ్లీ చూపించాలి. అప్పటికి ఊపిరి వేగం తగ్గి, పాలు తాగడం పెరగాలి. అలా లేకపోతే మందు మార్చాలి, లేదా ఛాతీలో నీరో చీమో చేరిందేమో చూడాలి.

మూడో పని: కాగితం

డిశ్చార్జి రోజున ఇంటికెళ్లే తొందరలో ఉంటారు. ఒక అరగంట ఆగి, ఒక నోటుబుక్కులో ఇవి రాసుకోండి: తేదీ, బిడ్డ వయసు నెలల్లో, బరువు, అత్యధిక ఊపిరి లెక్క, ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఎంతకు పడింది, ఆక్సిజన్ ఎన్ని రోజులు పెట్టారు, ఏ వైరస్ అని తేలింది (పరీక్ష చేస్తేనే), ఎక్స్‌రేలో ఏ వైపు, పైనా కిందా, పిల్లికూతలు ఉన్నాయా, ఏ మందులు ఎన్ని రోజులు, దగ్గు పూర్తిగా ఎప్పుడు ఆగింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఎన్నో వారంలో పుట్టిందో, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులుందో కూడా రాయండి. నలభై ఏళ్లప్పుడు ఆయాసంతో డాక్టరు దగ్గర కూర్చున్న మనిషికి చిన్నప్పుడు ఏం జరిగిందో గుర్తుండదు. అమ్మకు గుర్తున్నది కూడా నెమ్ము చేసింది, తగ్గిపోయింది అన్నంతే.

ఎక్స్‌రే వైపు ఎందుకు రాయాలంటే, రెండోసారి నెమ్ము వచ్చినప్పుడు అది మళ్లీ అదే చోట వచ్చిందా అన్నది పెద్ద ప్రశ్న. ఒకే చోట రెండుసార్లు వస్తే గాలిగొట్టంలో గింజో బొత్తమో ఇరుక్కుందేమో, పుట్టుకతో ఆ భాగంలో లోపముందేమో వెతకాలి. వేర్వేరు చోట్ల మాటిమాటికీ వస్తుంటే రోగనిరోధక శక్తినీ, పాలు శ్వాసనాళంలోకి పోతున్నాయేమో అన్నదాన్నీ చూస్తారు. పూర్తిగా కోలుకుని, ఎత్తూ బరువూ బాగా పెరుగుతున్న బిడ్డకు తగ్గిందో లేదో చూడటానికని ఊరికే ఎక్స్‌రే తీయించనక్కర్లేదు.

నాలుగో పని: నాలుగో వారం

జ్వరం తగ్గిన రోజు కాదు, నెల తర్వాతి రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు బిడ్డ దగ్గును చెవి పెట్టి వినండి. పొడి దగ్గు అప్పుడప్పుడు వస్తుంటే ఇంకొన్నాళ్లు చూడొచ్చు. దగ్గుతో గరగరమని కఫం కదులుతున్న చప్పుడు రోజూ వస్తూ నాలుగు వారాలు దాటితే అది మామూలు విషయం కాదు. చిన్నపిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు, అందుకే తెమడ కనబడలేదు కదా అని తీసిపారేయొద్దు. గాలిగొట్టాల్లో బ్యాక్టీరియా తిష్ఠ వేసిందేమో డాక్టరు చూస్తారు. అదే అయితే సాధారణంగా రెండు వారాల యాంటీబయోటిక్‌తో లొంగుతుంది. ఒక్కోసారి నాలుగు వారాలు పట్టొచ్చు. అలాగే వదిలేసి, ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరగబెడుతుంటే గొట్టాల గోడలు సాగి వెడల్పయిపోవచ్చు. దాన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. తొలిదశలో పట్టుకుంటే పిల్లల్లో వెనక్కి మళ్లే అవకాశం ఉంది, పెద్దయ్యాక ఆ అవకాశం దాదాపు ఉండదు. వేళ్ల కొనలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగడం, బరువు పెరగకపోవడం కనబడితే నాలుగు వారాలు కూడా ఆగనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే ఆ మాట మొదటే చెప్పండి.

అడినోవైరస్ వల్ల వచ్చిన గట్టి న్యుమోనియా తర్వాత, ఆరు వారాలు దాటినా ఆయాసం, పిల్లికూతలు, ఆక్సిజన్ తగ్గుదల అలాగే ఉంటే చిన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయాయేమో చూడాలి. ఇది అరుదు. కానీ ఉబ్బసం అనుకుని నెలలకు నెలలు ఇన్‌హేలర్ వాడుతూ కూర్చోవడం దీంట్లోనే జరుగుతుంది.

పిల్లికూతలు తిరగబెడితే

ఆర్‌ఎస్‌వీ తర్వాత చాలామంది పిల్లలకు ఒకటి రెండేళ్లు ప్రతి రొంపకూ పిల్లికూతలు వస్తాయి. టూసాన్ పిల్లల్లో అవి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చి, 13 ఏళ్లకు మిగతా పిల్లలతో పెద్ద తేడా లేకుండా పోయింది. రైనోవైరస్‌తో, అంటే మామూలు రొంప వైరస్‌తో, మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చినవాళ్లకు ఉబ్బసం వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువ. ఇంట్లో ఉబ్బసం, బిడ్డకు ఎగ్జిమా ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఇన్‌హేలర్ రాస్తే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం), మాస్కుతోనే వాడాలి. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, స్పేసర్‌కు తగిలించి, మాస్కు ముక్కూ నోరూ రెండూ కప్పేలా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి, ఐదారు ఊపిరులు లెక్కించండి. ఇంకో పఫ్ కావాలంటే మళ్లీ కుదిపి మళ్లీ మొదటినుంచి. రెండు మూడు పఫ్‌లు కలిపి కొడితే మందు గొట్టం గోడకు అంటుకుపోతుంది. ఏడుస్తున్న బిడ్డకు మందు దాదాపు ఊపిరితిత్తుల దాకా వెళ్లదు, ఊరుకోబెట్టాకే వేయండి. స్పేసర్‌ను నెలకోసారి గిన్నెలు కడిగే సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్ పుట్టి మందును లాగేసుకుంటుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడితే తర్వాత నోరు, మాస్కు తగిలిన చోట ముఖం తుడవండి.

మళ్లీ రాకుండా

ఒక దెబ్బ తిన్న ఊపిరితిత్తులకు రెండోది తగలకుండా చూడటమే తల్లిదండ్రుల చేతిలో ఉన్నది. న్యుమోకాకల్, హిబ్ (రెండూ న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాలకు), కోరింత దగ్గు, తట్టు టీకాలు వేళకు పడాలి. బిడ్డ జబ్బుపడి ఒక డోసు తప్పిపోతే, కోలుకోగానే వేయించండి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఫ్లూ టీకా ఆరు నెలల నుంచి వేస్తారు, మొదటి ఏడాది నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. ఆర్‌ఎస్‌వీకి ఇప్పుడు రెండు దారులున్నాయి: గర్భిణికి చివరి నెలల్లో వేసే టీకా, లేదా బిడ్డకే వేసే నిర్సెవిమాబ్ లాంటి యాంటీబాడీ ఇంజక్షన్. రెండూ అన్ని దేశాల్లోనూ దొరకవు, ఏ వారంలో వేయాలన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. గర్భంతో ఉన్నప్పుడే అడగండి, పుట్టాక అడిగితే ఒక దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. పొగ విషయంలో సర్దుబాటు లేదు: సిగరెట్, కట్టెల పొయ్యి, దోమల కాయిల్ అన్నీ ఒకటే. కిటికీ తెరిస్తే పొగ పోతుందన్నది భ్రమ. సిగరెట్ మానలేకపోతే బయట తాగి, చొక్కా మార్చి, చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి, ఇది రెండో తరగతి ఉపాయమే. రొంప ఉన్నవాళ్లు పసికందును ముద్దుపెట్టుకోకూడదని చెప్పడానికి మొహమాటపడకండి.

అయిదో పని: ఊదించి కొలవడం

ఐదారేళ్లు వస్తే చాలామంది పిల్లలు స్పైరోమెట్రీ, అంటే యంత్రంలోకి ఊది గాలి కొలిచే పరీక్ష, చేయగలరు. ఆసుపత్రిలో చేరేంత నెమ్ము వచ్చినవాళ్లకు, పిల్లికూతలు కొనసాగుతున్నవాళ్లకు, నెలలు నిండక పుట్టినవాళ్లకు ఇది ఒకసారి చేయించడం మంచిది. రొంప తగ్గి నాలుగు వారాలయ్యాక వెళ్లండి. వాడుతున్న ఇన్‌హేలర్‌ను ఎన్ని గంటల ముందు ఆపాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చెప్పులు తీసి ఎత్తు కొలవమనండి, ఎందుకంటే ఎంత రావాలన్నది ఎత్తును బట్టే లెక్కిస్తారు. రెండు సెంటీమీటర్లు తప్పితే ఫలితమూ తప్పుతుంది.

బిడ్డ నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టానికి బిగించి, ఒక్కసారిగా బలంగా ఊది, ఖాళీ అయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. పాడయ్యేది సాధారణంగా ఇలా: నాలుక గొట్టానికి అడ్డుపడుతుంది, పెదాల మూల నుంచి గాలి కారుతుంది, మొదటి సెకనులో దగ్గు వస్తుంది, సగంలో ఆపేస్తారు. మూడు మంచి ప్రయత్నాలు, వాటిలో అన్నిటికన్నా మెరుగైన రెండు దగ్గరదగ్గరగా ఉంటేనే ఆ పరీక్షకు విలువ. ఆరేళ్లు దాటినవాళ్లకు ఆ తేడా 150 మిల్లీలీటర్లలోపు ఉండాలి.

రిపోర్టు చదివేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం గాలితో భాగిస్తే 0.7 కన్నా తక్కువ ఉంటేనే అడ్డంకి అనేది పెద్దవాళ్ల కొలత. పిల్లల్లో ఆ నిష్పత్తి మామూలుగానే 0.85 పైన ఉంటుంది, కాబట్టి 0.76 వచ్చిన బిడ్డను నార్మల్ అని పంపేస్తారు. జడ్-స్కోర్ అడగండి, అంటే అదే వయసు, ఎత్తు ఉన్న పిల్లల సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె. మైనస్ 1.64 కన్నా కిందకు పోతే మామూలు హద్దు దాటినట్టు. ఒక్క రీడింగు కన్నా వరస ముఖ్యం. ఆరేళ్లకు తన ఎత్తుకు తగ్గట్టే ఉన్న బిడ్డ, పన్నెండేళ్లకు తన గీత నుంచి జారిందా అన్నది చూడాలి. ఎక్కువమందికి బాగానే వస్తుంది. వస్తే ఆ కాగితాన్ని కూడా అదే నోటుబుక్కులో పెట్టండి.

ఈలోపు ఆటలు మాన్పించకండి. పరుగెత్తితే దగ్గు వస్తుందని పక్కన కూర్చోబెడితే ఒంటి దారుఢ్యం పోతుందే గానీ ఊపిరితిత్తులకు మేలేమీ లేదు. ఆటకు ముందు పఫ్ కావాలేమో అడగండి.

చివరి కొలత 20-25 ఏళ్ల మధ్య, చెరువు నిండే వేళలో. అప్పటికి కాగితాలు మీ దగ్గర కాదు, వాళ్ల దగ్గర ఉండాలి. నోటుబుక్కు అప్పగిస్తూ, కొత్త డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, దుమ్మూ పొగా ఉండే ఉద్యోగంలో చేరేముందు ఈ ఒక్క వాక్యం చెప్పమనండి: "నాకు ఎనిమిది నెలలప్పుడు కుడివైపు కింద న్యుమోనియా వచ్చింది, నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు, 6, 13, 22 ఏళ్లకు ఊదిన రిపోర్టులు ఇవిగో."